మొగము త్రిప్పుకొనిన తండ్రి

మధ్యాహ్న భోజనములైన పిమ్మట ఒకరు చదువుచుండగా తక్కినవారు చేతిపని చేసికొనుచు వినుట మా యింట చిరకాలముగ నున్న యాచారము. మా అత్తగారు కాపురమునకు వచ్చిన దినములలో రామాయణమును, భారతమును చదివెడివారట. తోడికోడండ్రము మేము ముగ్గురము వచ్చిన తరువాత మాసపత్రికలును నవలలును ఆ చదువులో చేరినవి. మాది బోధనునకు రెండు క్రోసుల దూరమున నున్న పల్లె. మంజీరానదిపై 1923లో నారంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరు కాలువనీరు మా పొలములకు వచ్చును. 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసిన తరువాత మా యింటివారు చెరకు వేయసాగిరి. 2015లో ఆ కర్మాగారము గానుగాడుట మానిన పిదప వరికిని పసుపునకును మరలిరి. కావున ఇపుడు మా మధ్యాహ్నపు చదువు సాధారణముగ పసుపు కొమ్మును మండను వేరుచేయుచు సాగుచుండును.

ఈ వ్యాసమున మేము చెప్పబూనినది అట్టి దినములలో మేము వినిన యొక యాంగ్ల నవలను గూర్చి. నవలను గూర్చి మాత్రమేయైన వ్రాయకయే యుందుము. అది మా యింటిలో ఇరువది యేండ్లుగా ఎవరును ఎత్తని యొక మాటను ఎత్తించినది. అందుచేత వ్రాయుచున్నాము.

2024 జూన్ నెలలో ‘కల్కి 2898 ఏ.డి.’ యను తెలుగు చలనచిత్రము విడుదల కాగా, మేమందరమును నిజామాబాదునకు పోయి చూచి వచ్చితిమి. భారతకాలమునుండి చావులేక తిరుగుచున్న అశ్వత్థామ, ఆకాశమున పరుగెత్తు వాహనములు, మాటలాడు యంత్రములు, పాడువడిన కాశీ, ఇవన్నియు నొక్కచోట జూచి మా అత్తగారు చాల సేపు పలుకలేదు. ఇల్లు చేరిన తరువాత, “పురాణమును ఇష్టము వచ్చినట్లు మార్చవచ్చునా?” అని యడిగిరి.

మా యింటి పిల్ల నిజామాబాదులో ఆంగ్ల సాహిత్యము చదువుచున్నది. దానికి నవ్వు వచ్చెను. “నానమ్మా, మన బోధనును మొదట ఏలిన వేములవాడ చాళుక్యుల వంశమున రెండవ అరికేసరి యను రాజుండెను. వెయ్యేండ్ల క్రిందట ఆతని యాస్థానకవి పంపడు కన్నడమున భారతము వ్రాయుచు తన రాజునే అర్జునునిగా జేసి చెప్పెను. మన బోధనే ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని జంపిన దిచ్చటనే యనియు నీవే మాకు చెప్పితివి. పాతకథను తమ యూరికి, తమ కాలమునకు తెచ్చుకొనని వారెవరు?” అనెను. పిదప, “రెండువందల యేండ్ల క్రిందట ఇంగ్లండున పదునెనిమిదేండ్ల పిల్ల యొకతె గ్రీకు పురాణమును విజ్ఞానశాస్త్రముతో గలిపి నవల వ్రాసినది. పసుపు దినములలో అది మీకు చదివి చెప్పెదను” అనెను. చెప్పినట్లే మరుసటి యేట పుస్తకము తెచ్చినది. ఒక్కొక్క పుట ఆంగ్లమున చదువుకొని మాకు తెలుగున చెప్పుచు వచ్చినది.

ఆ నవల పేరు ‘ఫ్రాంకెన్‌స్టయిన్’. దానికి ‘నవీన ప్రొమిథియస్’ అని మరియొక పేరు. వ్రాసినది మేరీ షెల్లీ. ప్రొమిథియస్ గ్రీకుల పురాణములోని వాడు. దేవతలయొద్ద నుండి అగ్నిని దొంగిలించి మానవుల కిచ్చెను. అందులకు దేవరాజు అతనిని కొండకు గట్టించి, దినదినము ఒక గ్రద్ద వచ్చి కార్జము పొడుచునట్లు శిక్షించెను. మట్టితో మానవుని జేసినవాడును అతడే యని మరియొక గాథ కలదు. మేరీ ఈ రెండు గాథలను తన కాలపు విజ్ఞానముతో ముడివేసినది. ఇటలీలో గాల్వానీ యను పండితుడు చచ్చిన కప్పకాళ్ళు విద్యుత్తు తగిలిన కదలునని చూపియుండెను. అతని మేనల్లుడు ఆల్దీనీ 1803లో లండనునందు ఉరితీయబడిన యొకని శవముపై అట్టి పరీక్షయే చేసెను. శవపు దవడ కదలెనట, కన్ను తెరచుకొనెనట. చచ్చినదానిని మరల బ్రతికింపవచ్చునేమో యని నాటివారు తలచుట వింత కాదు. మంత్రముచేత గాక శాస్త్రముచేత అద్భుతము జరిగినట్లు చెప్పు కథను నేడు వైజ్ఞానిక కల్పన యందురు. అట్టి నవలలలో నిజముగ మొదటిది ఇదియేయని 1973లో బ్రయన్ ఆల్డిస్ అను నాంగ్ల రచయిత వ్రాసెను.

కథ వినుటకు ముందు మేము రచయిత్రి జీవితము వింటిమి. మేరీ 1797 ఆగస్టు 30వ తేదీన జన్మించినది. స్త్రీల హక్కులను గూర్చి 1792లో గ్రంథము వ్రాసి పేరుగాంచిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆమె తల్లి. ఆ తల్లి పురిటి జ్వరముచే పదునొకండు దినములకే మరణించెను. మేరీ పెరిగి పెద్దదై 1815లో నెలలు నిండని యాడుబిడ్డను గని, కొలది దినములకే పోగొట్టుకొనెను. ఆ బిడ్డ చావలేదనియు, చలిచే బిగిసినది గాన నిప్పుకడ నుంచి ఒళ్ళు రుద్దగా లేచినదనియు ఆమెకొక కల వచ్చెనట. ఆ కలను తన దినచర్యలో వ్రాసికొన్నది. ఈ మాట వినినపుడు మాలో ఎవరి చేతనున్న పసుపుకొమ్ము వారిచేతనే నిలిచిపోయెను.

మరుసటి యేడు, అనగా 1816లో, ఐరోపాకు వేసవి రాలేదు. ముందటి యేట తూర్పుదీవులలో తంబోరా యను అగ్నిపర్వతము బ్రద్దలై, దాని పొగ ఆకాశమున గ్రమ్ముటయే అందుకు కారణమని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. ఎడతెగని వానలో జెనీవా సరస్సు చెంత ఒక యింట కూర్చుండి, బైరను కవి తలా యొక దయ్యపుకథ వ్రాయుదమనెను. మేరీకి పుట్టిన కథ ఇది. 1818 జనవరి 1వ తేదీన ఆమె పేరు లేకయే అచ్చుపడినది. ఆమె భర్తయగు షెల్లీకవి వ్రాసినదనియే పెక్కురు తలచిరట. 1823లో వెలువడిన రెండవ కూర్పునగాని ఆమె పేరు కనబడలేదు.

ఇక కథ. విక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ అను యువకుడు జర్మనీలో శాస్త్రము చదువుచు, శ్మశానములనుండియు పశువధశాలలనుండియు అవయవములు తెచ్చి కూర్చి, ఎనిమిదడుగుల పురుషుని జేసెను. రెండేండ్లు నిద్రాహారములు మాని యా పనిలో నుండెను. ఒకనాటి రాత్రి వానికి ప్రాణము వచ్చినది. వాడు కన్ను తెరచెను. అంతవరకు అవయవ మొక్కొక్కటి అందమైన దానినే యేరితినని మురిసిన విక్టర్, ఆ కన్నును జూచినంతనే భీతిల్లి ప్రక్కగదిలోనికి పరుగెత్తెను. ఆ సృష్టింపబడినవాడు వెంట వచ్చి, పరుపుచెంత నిలిచి, ఏదియో పలుకబోయి చేయి చాచెను. విక్టర్ ఆ చేయి తప్పించుకొని పారిపోయెను. వానికొక పేరైనను పెట్టలేదు. లోకులు నేడు ఫ్రాంకెన్‌స్టయిన్ అని వానినే పిలుతురుగాని, అది చేసినవాని పేరు.

పిల్ల ఇంతవరకు చెప్పి పుస్తకము మూసెను. ఏమియు ననలేదు. మేమును అనలేదు. దాని పై పెదవిమీద ముక్కువరకు సన్నని గీత యొకటి కలదు. ఎండపడినపుడు మాత్రము అది తెల్లగ కనబడును.

ఆ గీత కథ మేము చెప్పవలెను. ఇది రెండవ కాన్పుగాన పుట్టింటికి పంపక, బోధనులోని యొక ఆసుపత్రికి గొనిపోతిమి. ఆడపిల్ల. పై పెదవి చీలి, చీలిక ముక్కులోనికి పోయియుండెను. అంగిలియు చీలియుండెను. దానినే గ్రహణపు మొర్రి యందురు. బిడ్డను తెచ్చి చూపగా మేము ముగ్గురమును మొగము త్రిప్పుకొంటిమి. కన్నతల్లి మా ముగ్గురిలో నొకతె. ఎవరైనదియు నిట వ్రాయము, తప్పు ముగ్గురిది గనుక. ఒకతె గోడవంకకు దిరిగి పండుకొన్నది. ఒకతె నీళ్ళు తెచ్చెదనని బయటికి నడచినది. ఒకతె పంచాంగము తెప్పించి గ్రహణములు లెక్కపెట్టినది. గర్భిణిగా నున్నపుడు చూచినదా, కూరలు తరిగినదా యని విచారణ జరిపితిమి. ఆ నెలలలో మా యూర గనబడిన గ్రహణమొక్కటియు పంచాంగమున లేదు. కంటికి గనబడని గ్రహణమై యుండునని సమాధానపడితిమి. అంత చదువుకొన్నవారము!

సాయంకాలమునకు మా అత్తగారు వచ్చిరి. తువాలలో నున్న బిడ్డను జూచి, మమ్ము జూచి, “ఏం జూస్తున్నరట్ల? పిల్లకు ఆకలైతున్నది. ఉగ్గుగిన్నె తెండి” అనిరి. ఆ బిడ్డ చన్ను పట్టి కుడువలేదు. మా అత్తగారు దానిని నిటారుగా ఒడిలో గూర్చుండబెట్టి, పిండిన చనుబాలను ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోసి గంటసేపు త్రాగించిరి. పాలు ముక్కువెంట వచ్చిన తుడిచిరి, మరల పోసిరి. అట్లు మూడు రాత్రులు. నాలుగవనాటి తెల్లవారున ఆ కన్నతల్లి లేచి, “నేను పోసెద నీయుడు” అని చేతులు చాచినది. అంతే జరిగినది. కాని ఆ మూడు దినములను గూర్చి మా యింట తరువాత ఎవరును మాటలాడలేదు.

మరునాడు మధ్యాహ్నము పిల్ల చదువు సాగించెను. విడువబడినవాడు అడవులలో దిరిగి, ఒక బీదకుటుంబపు ఇంటిగోడ నానుకొనియున్న కొట్టములో దాగెను. గోడచీలికనుండి వారి మాటలు విని భాష నేర్చెను. ఎవరికిని కనబడక రాత్రులందు వారికి కట్టెలు కొట్టి తెచ్చిపెట్టెను. అడవిలో నొక తోలుపెట్టె దొరకినది. అందు మూడు పుస్తకములుండెను. మిల్టను కవి వ్రాసిన ‘ప్యారడైజ్ లాస్ట్’ అను మహాకావ్యము, ప్లూటార్కు వ్రాసిన మహాపురుషుల చరిత్రలు, గెటే వ్రాసిన వెర్తెరు కథ. ఆ మహాకావ్యమును వాడు కథగాగాక జరిగిన చరిత్రగా చదివెను. ఆదిమానవునకు చేసినవాడు తోడై యుండెను, తనకు ఎవరును లేరని దుఃఖించెను. పురాణమును ఎవరిని గూర్చియో యని చదువక, తన్ను గూర్చియే యని చదివినవాడు! మేము ఏకచక్రపురము మాదనుకొన్నట్లే గదా.

ఆ యింట ఒక గ్రుడ్డి వృద్ధుడుండెను. ఒంటిగా నున్న సమయము జూచి వాడు లోనికి బోయి మాటలాడగా, ఆ ముదుసలి ఆదరముతో పలికెను. అంతలో కొడుకు వచ్చి, చూచి, కఱ్ఱతో కొట్టి తరిమెను. తరువాతిదంతయు పగయే. వాడు విక్టరు తమ్ముని, చిన్నపిల్లవానిని, చంపెను. ఆ నేరము ఇంటి పరిచారికపై బడి, పాప మెరుగని యామె ఉరితీయబడెను. తనకొక తోడును చేసి యిమ్మని వాడు వేడగా, విక్టర్ మొదట నొప్పుకొని, పిదప సగము చేసిన యాడురూపును తానే చించివైచెను. వాడు విక్టరు స్నేహితుని, పెండ్లినాటి రాత్రి భార్యను చంపెను. కడకు ఉత్తరధ్రువపు మంచులో ఒకరినొకరు తరుముకొనుచు పోయిరి.

మా మధ్య వాదము పుట్టెను. దైవము చేయవలసిన పని మనుష్యుడు చేయబోయిన ఇట్లే యగునని ఒకతె యన్నది. ఈ నవలను గూర్చి లోకమున ప్రబలిన యభిప్రాయమును అదియే. మా అత్తగారు ఒప్పుకొనలేదు. “పార్వతి నలుగుపిండితో పిల్లవానిని జేసి ప్రాణము పోయలేదా? చేసినందుకు కాదు, విడిచినందుకు” అనిరి. మాకు అది సరియని తోచెను. ఆ పిల్లవాని తల తెగి ఏనుగుతల వచ్చినపుడు పార్వతి మొగము త్రిప్పుకొనలేదు. మన మింటింట మొదటిపూజ ఆ మొగమునకే చేయుచున్నాము. సభాపర్వములో జరాసంధుని కథయు నట్టిదే. బృహద్రథుని రాణు లిద్దరును చెరిసగము బిడ్డను గనగా, దాదులు ఆ తునుకలను వీథిలో పారవేసిరి. జర యను రాక్షసి వానిని జేర్చగా అవి యతికి బిడ్డ యేడ్చెను. తినవచ్చిన రాక్షసియే ఆ బిడ్డను ఎత్తుకొనిపోయి రాజునకు ఇచ్చెను. విక్టరు చేసిన పనియే ఆమెయు చేసినది, కాని పారిపోలేదు. ఇక కుంతి మాట. ఏకచక్రపురమున బ్రాహ్మణుని యింటివారికి బదులు తన కొడుకును బకునికడకు పంపిన యా తల్లియే, అంతకుముందు తొలిబిడ్డను ఏట విడిచినది. అందువలన గలిగిన దుఃఖము కురుక్షేత్రమువరకు బోయినది. నవీన ప్రొమిథియస్ అని పేరుపెట్టిన యా పదునెనిమిదేండ్ల పిల్ల కుంతికథ వినియుండదు. ఐనను విడువబడిన బిడ్డ దుఃఖము ఆమె యెరుగును. పుట్టిన పదునొకండవ దినమున తల్లిని గోల్పోయినది గదా.

అపుడు పిల్ల, “నాకు ఇందులో ఒకటి నచ్చలేదు” అనెను. “మొగము వికారమైనవానినే హంతకుని జేయనేల? చదివినవారు వికారమైనవారందరు దుష్టులనుకొనరా?” తానే మరల, “కాని కఱ్ఱదెబ్బలు తినువరకు వాడు కట్టెలు కొట్టిపెట్టినాడు. అది కూడ ఆమె వ్రాసినది. ఐనను ఆ చిన్నపిల్లవానిని చంపుట వాని తప్పే” అనెను. కొంతసేపు పుటలు త్రిప్పుచుండి, తల యెత్తకయే, “నేను పుట్టిననాడు మీరేమి చేసితిరి?” అని యడిగెను.

ఇరువది యేండ్లుగా ఎవరమును పలుకని మాట అది. మా అత్తగారు పసుపుకుప్ప వంక చూచుచుండిరి. మాలో కన్నతల్లియైన యామె, “మొగము త్రిప్పుకొంటిని. మూడు దినములు” అనెను. తక్కిన యిద్దరమును, “మేమును” అంటిమి. పంచాంగపు సంగతియు చెప్పితిమి. దాచినది లేదు.

పిల్ల యేడ్చునని తలచితిమి. ఏడువలేదు. “ఈ పుస్తకములో వానితో ప్రేమగా మాటలాడినవాడు గ్రుడ్డివాడు. నానమ్మకు కన్నులు బాగుగనే కనబడెను” అనెను. పిదప, “మీరు నాలుగవనాడు తిరిగి వచ్చితిరి. అతడు ఎన్నడును రాలేదు. భేదము అంతయే” అనెను. అంతయేనా! ఆ భేదమును మా చేతులలో నుంచినది ఒక ఉగ్గుగిన్నె యని మేమెరుగుదుము.

సోదరీమణులారా, మీ యింటనో యిరుగుపొరుగుననో ఇట్టి బిడ్డ కలుగవచ్చును గాన తెలిసినంత చెప్పెదము. గ్రహణమునకును దీనికిని సంబంధము లేదు. గర్భమున నాలుగవ వారమునుండి యేడవ వారములోపల పెదవిభాగములు కలిసికొనవలెను. అవి కలియనిచో చీలిక నిలుచును. వంశమునుండి వచ్చు గుణములు, మరికొన్ని కారణములు కలిసి ఇట్లు చేయునని వైద్యులు చెప్పుదురు. తల్లి చేసిన పాపము కాదు, చూచిన చూపు కాదు. బిడ్డను నిటారుగా పట్టుకొని, మెల్లగా, నడుమ నడుమ ఆపి త్రేన్పు రానిచ్చుచు పాలు పట్టవలెను. బరువు పెరుగుచున్నదో లేదో వైద్యులచే చూపించుచుండవలెను. పెదవికి సాధారణముగ మూడవనెలనుండి ఆరవనెలలోపల, అంగిలికి ఏడాది యటు నిటుగా శస్త్రచికిత్స చేయుదురు. మా పిల్లకు పెదవి ఐదవ నెలలోను, అంగిలి ఏడాది దాటిన పిమ్మటను హైదరాబాదులో కుట్టించితిమి. పలుకు చక్కబడుటకు ఏండ్లతరబడి సాధన చేయించితిమి. నేడు మాకు నవల చదివి చెప్పినది ఆ గొంతుకే.

నవలయంతయు ఒక నౌకాధిపతి ఇంగ్లండులోని తన యక్కకు వ్రాసిన లేఖలుగా నున్నది. ఆ యక్క పేరు మార్గరెట్. పుస్తకమున ఆమె యొక్కమాటయు పలుకదు. ఇంటిలో గూర్చుండి చదువును, అంతే. చదివిన పిమ్మట ఆమె యేమి చేసినదో రచయిత్రి చెప్పలేదు. మేము చేసినది చెప్పితిమి.

పుస్తకము ముగిసిన దినమున మా అత్తగారు ఒక్కటే యడిగిరి: “ఆఖరుకన్న ఆ పిల్లగానికి పేరు పెట్టిన్రా?” లేదని పిల్ల చెప్పెను. “పేరు పెట్టకపోతే ఎట్ల పిలుస్తరు, ఎట్లొస్తడు?” అని వారు కొంగు దులుపుకొని లేచిరి. ప్రొద్దు వాలుచుండెను. కళ్ళములో పసుపు కుప్పచేయవలసియుండెను. వారు వాకిటనుండి పిల్లను పేరుపెట్టి పిలిచిరి. పిల్ల “వస్తున్న” నని పలికి, పుస్తకము గూటిలో పెట్టి, చేట తీసికొని వారివెంట పోయెను.